హెడ్‌సెట్ పెట్టగానే కడుపులో తిప్పుతోంది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ల గురించి, అంటే కళ్లకి కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించే డబ్బాల గురించి రాసినప్పుడు, ఏది కొనాలి, ఎంతకి వస్తుంది అని అడుగుతారనుకున్నాం. చాలామంది అడిగింది వాంతుల గురించి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకేలాంటి ఉత్తరాలను కలిపేశాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా బాబాయ్ అమెరికా నుంచి వస్తూ మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 తెచ్చారు. మొదటిరోజే రోలర్ కోస్టర్ పెట్టుకుని చూశాను. కాసేపటికే చెమటలు పట్టాయి, కడుపులో తిప్పింది, ఆ రోజంతా తలనొప్పి. మా ఫ్రెండ్స్ ఏమో "నువ్వు వీక్ రా, రోజూ గంటసేపు ఓర్చుకుని ఆడు, అదే అలవాటవుతుంది" అంటున్నారు. నిజమేనా? నా చెవిలోనో కళ్లలోనో ఏదైనా లోపం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.
(ఇంజినీరింగ్ విద్యార్థి, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: టెన్షన్ వద్దు. మీ చెవి చక్కగా పనిచేస్తోంది కాబట్టే ఇదంతా జరిగింది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, తల ఎటు తిరిగిందో అవి చెబుతాయి. వాటి పక్కనే రెండు చిన్న సంచులుంటాయి, ముందుకు వెళ్తున్నామా, పైకి లేస్తున్నామా, నేల ఎటువైపు ఉంది అన్నది వాటి పని. మీరు రోలర్ కోస్టర్ పెట్టినప్పుడు కళ్లు "పడిపోతున్నాం" అని గోల పెట్టాయి, చెవి "లేదు, లక్ష్మీపురంలో కుర్చీలో కూర్చునే ఉన్నాం" అంది. ఈ రెండిటికీ పొత్తు కుదరక మెదడు తికమకపడింది. ప్రయాణాల్లో వచ్చే వికారానికి ఇదే కారణమని రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఒక పుస్తకమే రాశారు, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అదే. చెవిలోని ఈ వ్యవస్థ పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకి ఓడెక్కినా ఊయలెక్కినా వికారం రాదు. అంటే, కాస్త వింతగా ఉన్నా, మీది ఆరోగ్యవంతుల సమస్య.

విజయవాడ జంక్షన్‌లో మన రైలు ఆగి ఉండగా పక్క లైన్లో రైలు కదిలితే, కదిలింది మనమే అనిపించి ఒళ్లు ఝల్లుమంటుంది కదా, హెడ్‌సెట్ చేసే పని కూడా అదే. తేడా ఏమిటంటే స్టేషన్లో రెండోవైపు కిటికీలోంచి చూస్తే కదలని ప్లాట్‌ఫాం స్తంభం కనిపిస్తుంది, క్షణంలో సర్దుకుంటాం. హెడ్‌సెట్లో ఆ స్తంభం ఉండదు, ఎటు చూసినా కదిలే బొమ్మే. ఈ స్తంభం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మరి తికమకపడితే తల తిరగాలిగానీ, వాంతి ఎందుకు రావాలి? దీని మీద ట్రైస్‌మన్ అనే ఆయన 1977లో ఒక ఊహ చెప్పాడు: విషం ఏదైనా తిన్నప్పుడు కూడా కళ్లూ చెవులూ ఇలాగే పొంతన లేకుండా మాట్లాడతాయి, కాబట్టి మెదడు "ఏదో తేడా తిన్నాం, బయటికి పంపెయ్" అని ఆదేశం ఇస్తుందని. ఊహే అయినా బాగుంది.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. అలవాటవుతుందన్నది చాలామంది విషయంలో నిజం, ఓర్చుకుని ఆడాలన్నది మాత్రం శుద్ధ తప్పు. వికారం వచ్చాక కూడా పంతానికి పోయి ఆడితే శరీరం నేర్చుకునేది ఒక్కటే: ఆ డబ్బా తల మీదికి వస్తే వాంతి రావాలి అని. కొందరికైతే ముఖానికి ఆనే ఆ స్పాంజి వాసనకే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఒకసారి అక్కడిదాకా వెళ్తే వెనక్కి రావడం కష్టం. ఆవలింతలు, నోట్లో నీళ్లు ఊరడం, ముఖం వేడెక్కడం, ఊరికే తేన్పులు రావడం, ఇవన్నీ వాంతికి ముందే వచ్చే గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆట మధ్యలో ఉన్నా సరే హెడ్‌సెట్ తీసేయండి. "ఈ లెవెల్ అయిపోనీ" అనుకున్నవాళ్లే సాయంత్రం దాకా పడుకుంటారు. పూర్తిగా తగ్గాక, వీలైతే మర్నాడు, మళ్లీ కొంచెంసేపు ఆడండి.

ఏం ఆడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. రోలర్ కోస్టర్ అంటే మీరు కదలకుండా లోకం కదిలే ఆట, దానికన్నా చెడ్డ మొదలు లేదు. ఇంటికొచ్చిన చుట్టాలకి అందరూ మొదట చూపించేది మాత్రం అదే! బీట్ సేబర్ లాంటివి మొదలెట్టండి, అక్కడ మీరు నిలబడిన చోటే నిలబడి చేతులాడిస్తారు, తల ఎంత తిరిగితే దృశ్యం అంతే తిరుగుతుంది, కాబట్టి చెవికీ కంటికీ గొడవ ఉండదు. మెటా స్టోర్‌లో ప్రతి గేమ్ కింద కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసి ఉంటుంది. మొదట్లో మొదటి రకం దాటకండి. నడిచి తిరిగే గేమ్స్‌కి వెళ్లాక సెట్టింగ్స్‌లో మూడు చూడండి. జాయ్‌స్టిక్‌తో జారుతూ నడిచే బదులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే టెలిపోర్ట్ పెట్టుకోండి. మెల్లగా తిరిగే బదులు ఒక్కసారిగా ముక్కలుముక్కలుగా తిరిగే స్నాప్ టర్న్ ఎంచుకోండి. కదిలేటప్పుడు అంచుల్లో నల్లగా మూసుకుపోయే విన్యెట్‌ని ఆపకండి. కదులుతున్నామన్న భ్రమ ఎక్కువగా కంటి అంచుల నుంచే వస్తుంది, అది మూస్తే సగం గొడవ తగ్గుతుంది. ఇందాకటి స్తంభం ఇక్కడ పనికొస్తుంది. కారులో కూర్చుని నడిపే గేమ్‌లో కళ్ల ముందు డాష్‌బోర్డు కదలకుండా ఉంటుంది కాబట్టి కొందరికి అది కాస్త నయం. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లయితే 2015లో తెర మధ్యలో ఒక ఉత్తుత్తి ముక్కు బొమ్మ పెట్టి చూశారు, వికారం తగ్గింది. ఆడినవాళ్లలో చాలామంది ఆ ముక్కుని గమనించనే లేదట.

ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి చల్లగా తగిలితే హాయిగా ఉంటుంది, పైగా గాలి ఎటు నుంచి వస్తోందో దాన్నిబట్టి మీరెటు తిరిగి ఉన్నారో తెలుస్తూ ఉంటుంది. మన గుంటూరు ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా అరకిలో బరువున్న డబ్బా ముఖానికి కట్టుకోవడం ఎలాగూ కుదరని పని.

ఘాట్ రోడ్డు బస్సులో వాంతి చేసుకునేవాళ్లకి, మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది. కొందరికి ఎన్నాళ్లు ఆడినా రోలర్ కోస్టర్ పడదు. పడకపోతే మానేయండి, అదేమీ సెమిస్టర్ పరీక్ష కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 500 రూపాయలకి ఫోన్ పెట్టుకునే వీఆర్ బాక్స్ కొన్నాను. రెండు నిమిషాలు చూస్తే చాలు, తల దిమ్మెక్కిపోతోంది. ఖరీదైన హెడ్‌సెట్ కొన్నా ఇంతేనా?
(అజిత్‌సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: ఇంత ఉండదు. ఫోన్ బాక్సు మీ తల ఎటు తిరిగిందో పట్టుకుంటుంది గానీ, ఎటు జరిగిందో పట్టుకోదు. మీరు కొంచెం ముందుకి వంగి చూడబోతే ఎదుటి వస్తువు దగ్గరికి రావాలి కదా, రాదు, లోకమంతా మీతోపాటే జరిగిపోతుంది. ప్రతి చిన్న కదలికకీ ఇలా అబద్ధం చెబుతుంటే మెదడు ఎంతసేపని ఊరుకుంటుంది? పైగా మామూలు ఫోన్ ఈ పని కోసం చేసింది కాదు, తల తిప్పాక బొమ్మ వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. తల కదిలిన దగ్గర్నుంచి తెర మీద బొమ్మ మారేదాకా 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో వాళ్లు పెట్టుకున్న గీటురాయి. 2013లో వచ్చిన ఆక్యులస్ కంపెనీ మొదటి హెడ్‌సెట్, డెవలపర్ కిట్ కూడా తల జరగడాన్ని పట్టుకోలేకపోయింది. ఇప్పటి మంచి హెడ్‌సెట్లు సెకనుకి 90సార్లు, 120సార్లు బొమ్మ మారుస్తాయి. కొనేముందు ఎవరిదైనా తీసుకుని ఒకసారి పెట్టుకు చూడండి. ఆ బాక్సులో పిల్లలు బొమ్మలు దాచుకుంటారు.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. మాల్‌కి వెళ్లినప్పుడల్లా ఊగే కుర్చీలో కూర్చోబెట్టి వీఆర్ చూపించే చోట ఆగిపోతాడు. పోయినసారి ఎక్కించాం, దిగాక కారులో వాంతి చేసుకున్నాడు. అయినా మళ్లీ కావాలంటున్నాడు, ఇంట్లో కొనమని కూడా గొడవ. కళ్లకి ఏమన్నా అవుతుందా?
(గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: ఇంట్లో కొనకండమ్మా, ఇప్పుడే వద్దు. మెటా వాళ్లే పదేళ్లలోపు పిల్లలకి తమ హెడ్‌సెట్ ఇవ్వొద్దంటున్నారు, 10 నుంచి 12 ఏళ్ల వాళ్లకైతే అమ్మానాన్నల అదుపులో ఉండే ఖాతా ఉండాలి. ప్లేస్టేషన్ వీఆర్2కి సోనీ పెట్టిన హద్దు పన్నెండేళ్లు. కళ్లు పాడైపోతాయని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. హెడ్‌సెట్లు పెద్దవాళ్ల తలకి, పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరానికి సరిపోయేలా చేసినవి. ఎనిమిదేళ్ల పిల్లాడి కళ్ల మధ్య దూరం తక్కువ, లెన్సు మధ్యలోంచి కాకుండా పక్కనుంచి చూస్తాడు, మసగ్గా ఉన్నా చెప్పడు, ఎందుకంటే అదలాగే ఉంటుందనుకుంటాడు. ఆ బరువుకి మెడ కూడా నొప్పెడుతుంది. పైగా ప్రయాణాల్లో వాంతులు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఈ వయసులోనే, పెద్దయ్యే కొద్దీ తగ్గుతాయి.

ఊగే కుర్చీ సంగతి వేరే చెప్పాలి. కుర్చీ కూడా కదులుతుంది కాబట్టి చెవికీ కంటికీ పొత్తు కుదరాలి, నిజమే, కానీ కుర్చీ కుదుపు వీడియోతో సరిగ్గా కలిసినప్పుడే. చాలాచోట్ల బొమ్మ ఎడమకి వంగాక అర సెకను ఆగి కుర్చీ వంగుతుంది, అప్పుడు ఊరికే కూర్చున్నదానికన్నా అన్యాయం. బాబు మరీ ఏడిస్తే కుర్చీ ఊగని, కదలకుండా చూసే రకం ఏదైనా ఉందేమో అడగండి. తినిపించి వెంటనే ఎక్కించకండి, పక్కనే నిలబడండి, "ఆపేద్దామా" అని మధ్యలో మీరే అడగండి. తనంతట తను చెప్పడు, దింపేస్తారని. దిగాక వెంటనే కారెక్కించడం కూడా వద్దు, కాసేపు కూర్చోబెట్టండి. అప్పటికే తిరుగుతున్న తలకి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లే కారు తోడైతే మిగతాది మీకు తెలిసిందే.

ప్రశ్న: మాది మంగళగిరి దగ్గర అపార్టుమెంట్లు కట్టే సంస్థ. ఇంకా పునాదిలోనే ఉన్న ఫ్లాట్లను వీఆర్‌లో చూపించి బుకింగ్ చేయించమని మా సారు హెడ్‌సెట్లు కొన్నారు. గేటు దగ్గర్నుంచి లిఫ్టు, హాలు, బెడ్‌రూములు, బాల్కనీ దాకా కెమెరా దానంతట అదే నడుచుకుంటూ వెళ్లే వీడియో ఇది. కస్టమర్లు హాలు దాకా వచ్చేసరికి తీసేస్తున్నారు. ఒక పెద్దావిడైతే "ఈ ఇంట్లో ఏదో దోషం ఉంది" అని లేచి వెళ్లిపోయారు. మా హెడ్‌సెట్లు నాసిరకమా?
(సేల్స్ ఉద్యోగి)

జవాబు: హెడ్‌సెట్లది కాదండీ, ఆ "దానంతట అదే" అన్నచోటే ఉంది దోషం. బస్సులో డ్రైవరుకి వాంతి ఎందుకు రాదు, వెనక సీటువాళ్లకే ఎందుకొస్తుంది? డ్రైవరుకి మలుపు వస్తోందని ముందే తెలుసు, స్టీరింగు తన చేతిలో ఉంది, మెదడు ఆ కదలికకి ముందే సిద్ధమై ఉంటుంది. మీ కస్టమర్‌ని మీరు వెనక సీట్లో కూర్చోబెట్టి, పైగా కళ్లకి గంతలు కట్టినట్టు చేసి, ఇల్లంతా తిప్పుతున్నారు. తను కుడివైపు వంటగది చూద్దామనుకునేలోపు కెమెరా ఎడమకి తిరిగి పూజగది వైపు పోతుంది. ఇల్లు ఎంత బాగున్నా కడుపు ఒప్పుకోదు. ఆ పెద్దావిడకి వాస్తు తెలుసో లేదో గానీ శరీరం చెప్పిన మాట విన్నారు.

ఆ వీడియోని పక్కన పెట్టి, ఒక్కో గదిలో ఒక్కో చోట నిలబడి చుట్టూ చూసే ఏర్పాటు చేయించండి. నేల మీద ఒక గుండ్రటి గుర్తు, దాన్ని నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడి తర్వాతి గదిలో తేలాలి. నడక చూపించకపోయినా ఎవరికీ లోటనిపించదు, జనానికి కావలసింది బీరువా ఎక్కడ పడుతుంది, వంటగదిలోంచి హాలు కనిపిస్తుందా అన్నది. త్రీడీ చేసే కుర్రాళ్లకి ఇంకో మాట చెప్పండి. గ్రానైట్ మెరుపులు, అద్దాల్లో ప్రతిబింబాలు, బాల్కనీలోంచి కృష్ణమ్మ, అన్నీ దట్టించి లాప్‌టాప్‌కి ఊపిరాడకుండా చేస్తే బొమ్మ తడబడుతుంది. బొమ్మ తడబడిన ప్రతిసారీ కస్టమర్ బుర్రలో ఒక మేకు దిగుతుంది. మెరుపు తగ్గించైనా సరే, సెకనుకి 72కి తగ్గకుండా, కుదిరితే 90 బొమ్మలు వచ్చేలా చూడమనండి. కెమెరా ఎత్తు కూడా సరిచూడాలి. కూర్చుని చూసేవాళ్లకి ఆరడుగుల మనిషి ఎత్తులోంచి ఇల్లు చూపిస్తే గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

తిరిగే కుర్చీ వేయండి, చేతులుండేది. మీ వాళ్లు కస్టమర్ భుజం పట్టుకుని "ఇటు చూడండి సార్" అని తిప్పడం మానాలి, అది మరీ ఘోరం. హెడ్‌సెట్‌లో కనిపించేది పక్కన టీవీలో కూడా వచ్చేలా పెట్టండి. హెడ్‌సెట్ వద్దన్నవాళ్లు టీవీలో చూస్తారు, పెట్టుకున్నాయన ఎక్కడ ఉన్నాడో మీకూ తెలుస్తుంది. ప్రతి ఒక్కరి తర్వాత లెన్సు మెత్తటి పొడిగుడ్డతో, స్పాంజి వేరేగా తుడవండి. ముందు పెట్టుకున్నాయన చెమట, తలనూనె వాసన చాలు, సగం వికారం అక్కడే మొదలవుతుంది. ఇక మధ్యాహ్నం బిర్యానీ పెట్టించి వెంటనే సైట్ ఆఫీసుకి తెచ్చే పద్ధతి ఉంటే, ముందు ఇల్లు చూపించి తర్వాత బిర్యానీ పెట్టండి.

ప్రశ్న: రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, వయసు 68. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, దగ్గరి చూపుకి అద్దాలు వాడతాను. మనవడి హెడ్‌సెట్లో కాశీ గంగాహారతి చూశాను, ఎంతో బాగుంది. ఎప్పుడైనా పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే గిర్రున తిరిగే జబ్బు నాకుంది. మళ్లీ చూడవచ్చునా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ముందు రెండో సంగతి చెబుతాం, అదే ముఖ్యం. పక్క మీద తిరిగినప్పుడు, తల పైకెత్తినప్పుడు కొన్ని సెకన్లు గిర్రున తిరగడమంటే చాలావరకు లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు దారి తప్పి నాళాల్లో పడటమే. వయసు మళ్లాక ఇది మామూలే, ఈఎన్‌టీ డాక్టరు తలని ఒక వరసలో తిప్పి ఆ రేణువుల్ని మళ్లీ వాటి చోటికి పంపిస్తారు. ఇప్పటిదాకా చూపించుకోకపోతే హెడ్‌సెట్ సంగతి తర్వాత, అది ముందు చూపించుకోండి. హారతి దీపాలు చూడాలని తలెత్తినప్పుడు అది వస్తే, కళ్లకి గదే కనిపించదు, పట్టుకోవడానికి ఏదీ దొరకదు, పడిపోతారు. తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీ వయసువాళ్లకి మేం చెప్పక్కర్లేదు.

తగ్గాక చూడండి, నిక్షేపంగా. చేతుల కుర్చీలోనే కూర్చోండి, మనవడిని పక్కనే ఉంచుకోండి. ఒకచోట కెమెరా పెట్టి తీసిన వీడియోలే అడగండి. పడవ మీద, నడుస్తూ తీసినవి వద్దు. అద్దాల విషయానికొస్తే, హెడ్‌సెట్లో తెర కంటికి ఆనుకుని ఉన్నా లెన్సు వల్ల సుమారు మీటరు, రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టే కన్ను చూస్తుంది. ఆపరేషన్‌లో దూరపు చూపుకి లెన్సు వేసి ఉంటే అద్దాలు లేకుండానే బాగా కనబడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా పెట్టుకోకూడదు, హెడ్‌సెట్లలోనూ చేత్తో పట్టుకునే కంట్రోలర్లలోనూ అయస్కాంతాలు, రేడియో తరంగాలు ఉంటాయి.

ప్రశ్న: వికారం లేదు గానీ కళ్లు లాగుతున్నాయి, నుదురు నొప్పి. ఇది కూడా అదేనా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, గన్నవరం)

జవాబు: ఇది కొంచెం వేరు. అమెరికా నౌకాదళ పైలట్ల శిక్షణ యంత్రాల మీద చేసిన పరిశీలనల నుంచి 1993లో 16 లక్షణాల ప్రశ్నావళి ఒకటి తయారైంది, వీఆర్ పరిశోధకులు నేటికీ అదే వాడతారు. అందులో వికారం, కంటి శ్రమ, దిక్కు తెలియకపోవడం అని మూడు గుంపులున్నాయి. మీది రెండోది. ముందు లెన్సుల మధ్య దూరం సరిచూడండి. క్వెస్ట్ 3లో కింద చక్రం ఉంటుంది, 58 నుంచి 71 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. క్వెస్ట్ 2, 3ఎస్‌లలో 58, 63, 68 అని మూడే మెట్లు. మీ కళ్ల మధ్య దూరం ఎంతో కళ్లద్దాల షాపులో నిమిషంలో కొలిచి చెబుతారు. రెండోది, పట్టీ. డబ్బా ముక్కు మీదికి జారితే అక్షరాలు మసకబారుతాయి, కాబట్టి తల వెనక పట్టీని కిందికి లాగి బిగించండి. కళ్లు లాగడానికి మూడో కారణం ఒకటుంది, దానికి మందు లేదు: తెర దూరం మారదు, బొమ్మ మాత్రం ముక్కు దగ్గరికొచ్చి పలకరిస్తుంది, కళ్లు లోపలికి తిరగాలి గానీ ఫోకస్ మారకూడదు. దగ్గరగా చూసేవి తగ్గించడం, మధ్యలో తీసి కిటికీలోంచి దూరంగా చూడటం, అంతే.

ప్రశ్న: ప్రయాణాల్లో వేసుకునే వాంతుల టాబ్లెట్ వేసుకుని ఆడొచ్చా? అల్లం పనిచేస్తుందా?
(తెనాలి)

జవాబు: ఆట కోసం టాబ్లెట్ వద్దు. వాటిలో చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది, చేతులాడిస్తూ గదిలో తిరిగే ఆటకి అది ప్రమాదం. పైగా ఆపమని శరీరం చెప్పే గుర్తుని నొక్కేస్తున్నట్టు. అల్లం మురబ్బా కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు, చేయకపోయినా రుచిగా ఉంటుంది.

ప్రశ్న: గేమింగ్ సెంటర్లో ఆడాక వెంటనే బండి మీద ఇంటికి వెళ్తుంటాను. మొన్న బయటికొచ్చాక నా చేతులు నావి కానట్టు అనిపించింది. ఏమన్నా ప్రమాదమా?
(డిగ్రీ విద్యార్థి, ఏలూరు రోడ్డు, విజయవాడ)

జవాబు: చేతుల సంగతి కొత్తలో చాలామందికి ఉంటుంది, దానంతట అదే పోతుంది. బండి సంగతే భయం. హెడ్‌సెట్‌లోని దూరాలకి అలవాటుపడ్డ కళ్లూ చేతులూ మళ్లీ మామూలు లోకానికి సర్దుకోవడానికి టైం పడుతుంది, ఆలోపు ఎదురొచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో అంచనా తప్పొచ్చు. ఒకవేళ తూలుడు, తలనొప్పి, మసక ఏమైనా ఉంటే అవి పూర్తిగా పోయేదాకా బండి ముట్టుకోవద్దని తయారీదార్ల సూచనల్లోనే ఉంటుంది. కిందకి దిగి ఒక టీ తాగండి, ఫోన్ చూడకుండా రోడ్డు మీద పోయేవాళ్లని చూస్తూ కూర్చోండి. అప్పటికీ తేలికపడకపోతే బండి అక్కడే పెట్టి ఆటోలో వెళ్లండి, తాళం మాత్రం జేబులో వేసుకోండి.